కాలిన గాయాలలో సూక్ష్మజీవుల అన్వేషణ

మానవ దేహానికి చర్మం ప్రకృతి ప్రసాదించిన కవచం. అగ్నిప్రమాదంలో ఆ కవచం నశించినప్పుడు, మంటల నుండి బయటపడిన రోగిని సూక్ష్మజీవుల రూపంలో మరొక ప్రమాదం వెంటాడుతుంది. తీవ్రంగా కాలినవారి మరణాలకు ముఖ్య కారణాలలో ఈ సంక్రమణ ఒకటి.

కాలిన వెంటనే, వేడిమి కారణంగా, గాయపు ఉపరితలంపై సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. కాని రోమకూపాలలోను, స్వేదగ్రంథులలోను మిగిలిన స్టెఫిలోకాకస్ వంటివి సుమారు 48 గంటలలో పైకి వ్యాపిస్తాయి. పిదప కొద్ది రోజులలో సూడోమోనాస్ వంటి మొండి బాక్టీరియా చేరుతుంది. మృత కణజాలానికి రక్తప్రసారం ఉండదు గనుక, రక్తంలోకి ఎక్కించిన ఔషధం అక్కడికి చాలినంతగా చేరదు. అందువలన శత్రువును త్వరగా గుర్తించటం అత్యవసరం.

1881లో రాబర్ట్ కాక్ ప్రదర్శించిన ఘన యానకం, 1887లో పెట్రి రూపొందించిన పళ్లెం నేటికీ ప్రయోగశాలకు ఆధారాలు. అయితే వర్ధనానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటికే ఔషధాలు వాడిన రోగి నమూనాలో కొన్ని జీవులు పెరగనే పెరగవు.

ఈ లోటును తీర్చటానికే అణు జీవశాస్త్ర పద్ధతులు వచ్చాయి. 1983లో కారీ మల్లిస్ ఊహించిన పాలిమరేజ్ శృంఖల చర్య, అనగా పి.సి.ఆర్., డి.ఎన్.ఏ. ఖండాన్ని ప్రతి ఆవృత్తిలోను రెట్టింపు చేస్తుంది. 30 ఆవృత్తులు పూర్తయితే ఒక్క ఖండం సిద్ధాంతరీత్యా 100 కోట్లకు మించుతుంది. బాక్టీరియా అన్నింటిలోను ఉండే 16ఎస్ జన్యువులో సుమారు 1,500 క్షారాలున్నాయి. వాటి వరుసను చదివితే ఆ జీవి ఏ ప్రజాతికి చెందినదో, పలుమార్లు ఏ జాతిదో కూడ తెలుస్తుంది. మెథిసిలిన్‌ను ధిక్కరించే స్టెఫిలోకాకస్‌ను మెక్‌ఏ అనే జన్యువు ద్వారా కొన్ని గంటలలోనే పసిగట్టవచ్చు.

అట్లని పాత పద్ధతిని త్రోసిపుచ్చరాదు. మరణించిన బాక్టీరియా డి.ఎన్.ఏ. కూడ పి.సి.ఆర్.లో కనిపిస్తుంది. గాయంపై ఊరక నివసించే జీవికీ, కణజాలంలోకి చొరబడిన జీవికీ గల భేదాన్ని అది ఒక్కటే చెప్పజాలదు. దానినే నమ్మి అనవసరంగా ఔషధమిస్తే, ఆ ఔషధానికి లొంగని జీవులకు మనమే దారి చూపినవారమవుతాము. ఏ మందుకు ఏ జీవి లొంగుతుందో నిర్ధారించటానికి సజీవ వర్ధనం ఇంకను కావలసినదే.

అణు పద్ధతి త్వరగా పేరు చెబుతుంది. వర్ధనం ప్రాణమున్నదో లేదో చెబుతుంది. రోగి స్థితి ఆ రెంటికీ అర్థం చెబుతుంది. ఈ మూడింటిని సమన్వయించగల వివేకమే వైజ్ఞానిక విద్యార్థి అలవరచుకొనవలసిన మొదటి గుణం.