ధర, ధర్మం, క్షేమం

అర్థశాస్త్రం పాఠం అందరం చదివేం. అది నాకు పూర్ణా మార్కెట్లో బాగా అర్థమైంది.

వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళేను. మా బాబాయి పూర్ణా మార్కెట్లో మూటలు మోస్తాడు. ఒక కొట్టు ముందు చింతపండు, పసుపు, కొండచీపుర్లు ఉన్నాయి. అన్నీ మన కొండల్లో దొరికే సరుకులే. చింతపండు ధర అడిగేను. సంతలో మా అమ్మకు ఇచ్చినదానికంటే చాలా ఎక్కువ. “ఇదంతా మోసమేనా బాబాయ్?” అన్నాను. “అంతా మోసం కాదమ్మా. లారీ కిరాయి, నా కూలి, కొట్టు అద్దె ఉన్నాయి. గింజ, పీచు తీస్తే తూకం తగ్గిపోతాది” అన్నాడు.

లెక్క వేద్దాం. (అంకెలు ఉదాహరణకే.) సంతలో కిలో 40 రూపాయలు, పట్నంలో 120. తేడా 80. ఖర్చులు 60 పోతే లాభం 20. ఇది అర్థశాస్త్రం. తూకం సరిగ్గా వేసేరా, ధర నిజం చెప్పేరా అన్నది ధర్మం. కష్టపడినవాళ్ళ ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారా అన్నది క్షేమం. మూడూ కలిపి చూడాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోతే అమ్మ ఒక వర్తకుడి దగ్గర అప్పు తీసుకుంది. చింతపండు ఆయనకే ఇస్తానని మాట ఇచ్చింది. సంతలో తూచినప్పుడు నేను కాటా ముల్లు చూసేను. 22 కిలోలు. ఆయన 20 అన్నాడు. నేను చెప్పబోతే అమ్మ నా చెయ్యి నొక్కింది. “ఊరుకో, మళ్ళీ వానాకాలం వస్తాది” అంది. నాకు అంకెలు వచ్చు. అయినా రెండు కిలోలు పోయాయి. ఎందుకంటే అప్పు వల్ల వేరేవాళ్ళకు అమ్మే వీలు లేదు.

ఇలాంటి బాధ తగ్గాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టేరు. దాని ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలోనే ఉంది. అటవీ ఫలసాయం కొంటుంది, డిపోల్లో సరుకులు అమ్ముతుంది. కొనేవాళ్ళు ఇద్దరుంటే మనకు ధర అడిగే ధైర్యం వస్తుంది.

అమర్త్య సేన్ గారికి 1998లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయేరు. తిండి కొనుక్కునే శక్తి పోవడమే ముఖ్య కారణమని ఆయన వివరించేరు. అంటే మార్కెట్ నిండా సరుకు ఉన్నంత మాత్రాన క్షేమం ఉన్నట్టు కాదు.

ఈ వానాకాలం అప్పు కావాలంటే డ్వాక్రా సంఘంలో అడగమని అమ్మకు చెప్పేను. “చూద్దాం” అంది.

ఆలోచించండి:
1. మీ ఊరి సంతలో కాటా ముల్లు ఎవరికి కనబడుతుంది?
2. మీ ఇంటి సరుకు ఎవరికి అమ్మాలో మీ అమ్మ నిర్ణయిస్తుందా, అప్పు నిర్ణయిస్తుందా?

— 9వ తరగతి విద్యార్థిని