వేడినీటితో విత్తనశుద్ధి

క్యాబేజీ పూత పూసి గింజ కట్టాలంటే దీర్ఘకాలపు చలి కావాలి. అందువల్లనే చలిప్రాంతపు రకాల విత్తనం హిమాచల ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చోట్ల పండి, మైదానాలలోని నారుమళ్లకు చేరుతుంది. గింజతోపాటు నల్లకుళ్లు తెగులును కలిగించే బాక్టీరియా కూడ ప్రయాణం చేయగలదు. అది సోకిన మొక్కలో ఆకు అంచులు పసుపెక్కి, ఈనెలు నల్లబడతాయి. గింజ పొరలలో దాగిన ఈ సూక్ష్మజీవిని పైపూత మందులు సరిగా అందుకోలేవు, వేడి అందుకొంటుంది.

విధానం చూడడానికి సులభమే. గింజలను పలుచని గుడ్డసంచిలో వదులుగా కట్టి, 50 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో క్యాబేజీకైతే 25 నిమిషాలు, కాలీఫ్లవరుకైతే 20 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీటిలో చల్లార్చి, ఆరబెట్టాలి. చిక్కంతా ఆ 50 దగ్గరనే ఉన్నది. వేడి తగ్గితే తెగులు మిగులుతుంది. హెచ్చితే గింజలోని పిండం దెబ్బతిని మొలక రాదు, వచ్చినా ఆలస్యంగా, పొట్టివేరుతో, బలహీనంగా వస్తుంది. చేతితో తాకి చూసే అంచనా ఇక్కడ పనికిరాదు. ఉష్ణమాపకం ఉండి తీరాలి.

పాతగింజకు ఓర్పు మరీ తక్కువ. చిక్కుడు, బఠాణీ, గుమ్మడి వంటి పెద్దగింజలకు ఈ పద్ధతి హానికరం. సన్నకారు రైతుకు ఉన్న ఒక్క పొట్లం చెడితే ఆ ఋతువుకు నారే లేదు. కనుక ముందుగా నూరు గింజలను శుద్ధిచేసి, శుద్ధిచేయని మరో నూరింటి పక్కన తడిగుడ్డపై మొలకెత్తించాలి. అయిదవనాడు, మరల పదవనాడు మొలకలను లెక్కించి, వేళ్ల పొడవును పోల్చి చూడాలి. శుద్ధిచేసిన గింజను మరుసటి ఏటికి దాచరాదు.