మదర్‌బోర్డు కొనేముందు అడగవలసిన అయిదు ప్రశ్నలు



మన హాస్టల్ స్టడీ హాలులో మూలన ఉన్న కంప్యూటర్‌ను మీరంతా ఎరుగుదురు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఎప్‌సెట్ మాక్ టెస్టులు, డిగ్రీ అన్నల ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ దాని మీదే. నిరుడు అది ఉన్నట్టుండి ఆగిపోయింది. మదర్‌బోర్డు పోయిందని రిపేరు చేసే అన్న తేల్చి చెప్పాడు. మన హాస్టల్‌లో చదివి ఉద్యోగాల్లో చేరిన పూర్వ విద్యార్థులు తలా కొంత పంపారు. మేమూ మా వంతు వంద, యాభై వేసుకున్నాం. ఆ డబ్బుతో మాలో నలుగురం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు బయలుదేరాం.

పాత కంప్యూటర్‌లోని రెండు ర్యామ్‌లు బాగానే ఉన్నాయి కదా, బోర్డు, ప్రాసెసర్ కొంటే చాలనుకుని వాటిని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుపోయాం. అవి డీడీఆర్3. కొత్త బోర్డుకు డీడీఆర్4 కావాలి. లెక్కలో లేని ర్యామ్ ఖర్చు నెత్తిన పడింది. డబ్బు చాలక, ప్రాసెసర్‌లో కొంత మిగులుద్దామని ఐ3-12100 బదులు కాస్త తక్కువ ధర ఉన్న ఐ3-12100ఎఫ్ తీసుకున్నాం. హాస్టల్‌కు వచ్చి అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గానీ తెర మీద బొమ్మ రాలేదు. ఆ 'ఎఫ్' అనే ఒక్క అక్షరం సంగతి మాకు అప్పటికి తెలియదు. ప్యాకెట్ విప్పిన ప్రాసెసర్‌ను కొట్లో వెనక్కి తీసుకోలేదు. ఒక పూర్వ విద్యార్థి తన పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి ఇచ్చేవరకు మూడు వారాలు కంప్యూటర్ ఖాళీగా కూర్చుంది. ఇంటర్ తమ్ముళ్లు చిన్న ఫోన్లలో మాక్ టెస్టులు రాసుకున్నారు.

"జరిగింది జరిగింది. మీకు తెలిసింది రాసిపెట్టండి, వెనక వచ్చేవాళ్లు మళ్లీ అదే తప్పు చేయకుండా ఉంటారు" అన్నారు వార్డెన్ సార్. అందుకే ఈ వ్యాసం. చవక బోర్డు కొనడం తప్పు కాదు. జత కుదరని బోర్డు కొనడమే తప్పు.

మదర్‌బోర్డు పని ఏమిటి?

కంప్యూటర్‌లో లెక్క చేసేది ప్రాసెసర్. ఆ లెక్కకు కావలసిన సమాచారాన్ని అప్పటికప్పుడు అందించేది ర్యామ్. ఈ రెండింటినీ, డిస్కునూ, కీబోర్డునూ, మానిటర్‌నూ కలిపేది, ప్రాసెసర్‌కు తగిన కరెంటు అందించేది మదర్‌బోర్డు. బోర్డు తానుగా లెక్క చేయదు. కాబట్టి ఖరీదైన బోర్డు వేసినంత మాత్రాన కంప్యూటర్ వేగం పెరగదు. అందుకే ముందు ప్రాసెసర్, తర్వాత ర్యామ్, ఆ రెండింటికీ సరిపోయే బోర్డు చివరన ఎంచుకోవాలి. మేము వెళ్లింది తలకిందులుగా.

మొదటి ప్రశ్న: ఈ ప్రాసెసర్ ఏ సాకెట్‌లో కూర్చుంటుంది?

బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఒక సాకెట్ ప్రాసెసర్ మరో సాకెట్‌లో పనిచేయదు. ముఖ్యమైనవి ఇవి:

ఇంటెల్ ఎల్‌జీఏ 1200: 10, 11 తరాల ప్రాసెసర్లు. 2020లో వచ్చింది.
ఇంటెల్ ఎల్‌జీఏ 1700: 12, 13, 14 తరాలు. 2021లో వచ్చింది.
ఇంటెల్ ఎల్‌జీఏ 1851: కోర్ అల్ట్రా 200 వరుస. 2024లో వచ్చింది.
ఏఎండీ ఏఎం4: రైజెన్ 1000 నుండి 5000 వరకు గల వరుసలు.
ఏఎండీ ఏఎం5: రైజెన్ 7000, 8000, 9000 వరుసలు. 2022లో వచ్చింది.

ఇంటెల్ పేర్లలోని అంకె ప్రాసెసర్‌కూ సాకెట్‌కూ మధ్య గల స్పర్శ బిందువుల సంఖ్య. అయితే అంకె ఒకటే అయినా మోసపోయే అవకాశం ఉంది. ఎల్‌జీఏ 1151 అనే పేరుతో రెండు రకాల బోర్డులున్నాయి. హెచ్110 వంటివి 6, 7 తరాలకు, హెచ్310 వంటివి 8, 9 తరాలకు. ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంటుంది, కానీ పనిచేయదు. సెకండ్ హ్యాండ్ బోర్డులు కొనేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

రెండవ ప్రశ్న: ఏ ర్యామ్? ఎన్ని?

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్థానంలో మరొకటి పట్టవు. డీడీఆర్3కు 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే గానీ 1.1 వోల్టులు, కింద అంచులో ఉండే గాటు వేరే చోట ఉంటుంది. పట్టడం లేదని బలంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

ఎల్‌జీఏ 1700లో ఒక చిక్కు ఉంది. ఈ ప్రాసెసర్లు డీడీఆర్4తోనూ, డీడీఆర్5తోనూ పనిచేస్తాయి. కానీ బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒక్కదానికే ఉంటుంది. ఒకే హెచ్610 పేరుతో రెండు రకాల బోర్డులూ అమ్ముతారు. పెట్టె మీద చదివి తీసుకోవాలి. ఏఎం4కు డీడీఆర్4 మాత్రమే, ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే.

2025 చివరి నెలల నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ పనులు చేసే పెద్ద సర్వర్లకు మెమరీ ఎక్కువగా తరలిపోవడం ఇందుకు ముఖ్య కారణం. కాబట్టి మీ దగ్గర మంచి డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే ఉంటే దానికి తగిన బోర్డు వెతుక్కోవడమే లాభం.

ఇక ఎన్ని? 16 జీబీ కావాలంటే 16 జీబీది ఒకటి కన్నా 8 జీబీవి రెండు మేలు. లెక్క చూడండి. డీడీఆర్4-3200 ర్యామ్ సెకనుకు 3200 మిలియన్ల సార్లు, ప్రతిసారీ 64 బిట్లు అంటే 8 బైట్లు పంపుతుంది. 3200 × 8 = 25,600. అంటే సెకనుకు 25.6 జీబీ. రెండు ర్యామ్‌లు రెండు చానళ్లలో ఉంటే అది 51.2 జీబీ అవుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో బొమ్మకు కూడా ఈ ర్యామే వాడతారు కనుక తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఈ రెంటినీ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుండి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో ఇది బొమ్మతో సహా ఉంటుంది.

మూడవ ప్రశ్న: ఏ చిప్‌సెట్? బయోస్ కొత్తదేనా?

హెచ్610, బీ760, ఏ520, బీ550 అనేవి చిప్‌సెట్ పేర్లు. బోర్డుకు ఎన్ని యూఎస్‌బీలు, ఎన్ని డిస్కులు, ఏయే సౌకర్యాలు అనేది చాలావరకు వీటిని బట్టి ఉంటుంది. ఎల్‌జీఏ 1700లో అన్నిటికన్నా చవక హెచ్610. దీనికి ర్యామ్ స్లాట్లు రెండే. డీడీఆర్4 వేగం 3200 దాటదు. కాబట్టి హెచ్610 మీద 3600 అని రాసి ఉన్న ఖరీదైన ర్యామ్ వేస్తే అదనంగా పెట్టిన సొమ్ము వృథా. మన చదువు పనులకు హెచ్610 చాలు. ముందుముందు నాలుగు ర్యామ్‌లు, రెండు మూడు ఎం.2 డిస్కులు పెట్టదలచినవారు బీ660, బీ760 బోర్డులు చూడవచ్చు. చవక బోర్డుల్లో కొన్నింటికి ఎం.2 స్లాటు ఉండదు. ఎస్‌ఎస్‌డీ కొనేముందు అది ఉందో లేదో చూసుకోవాలి.

సాకెట్ సరిపోయినా బయోస్ పాతదైతే కంప్యూటర్ లేవదు. బయోస్ అంటే బోర్డు లోపల ఉండే మొదటి ప్రోగ్రాం. ప్రాసెసర్‌ను గుర్తుపట్టేది అదే. 12వ తరం నాటి హెచ్610 బోర్డులో 13, 14 తరాల ప్రాసెసర్ పెట్టాలంటే కొత్త బయోస్ కావాలి. 2018లో వచ్చిన బీ450 బోర్డులో రైజెన్ 5000 వరుస పెట్టాలన్నా అంతే. ప్రతి కంపెనీ తన బోర్డుకు ఏయే ప్రాసెసర్లు సరిపోతాయో, ఏ బయోస్ నుండి సరిపోతాయో ఒక పట్టికలో ఇస్తుంది. దాన్ని 'సీపీయూ సపోర్ట్ లిస్ట్' అంటారు. డబ్బు కట్టేముందు ఫోన్‌లో ఆ పట్టిక తెరిచి చూసుకోవాలి.

నాలుగవ ప్రశ్న: బొమ్మ ఎక్కడి నుండి వస్తుంది?

మేము పడ్డ గుంట ఇదే. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ ఉంది కదా, బొమ్మ వస్తుందనుకున్నాం. ఆ రంధ్రం కేవలం దారి. బొమ్మ తయారయ్యేది ప్రాసెసర్ లోపల ఉండే గ్రాఫిక్స్ భాగంలో. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే ఆ భాగం పనిచేయదని అర్థం. ఏఎండీ ఏఎం4లో పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లేనట్టు, ఏఎం4లో జీ ఉంటే ఉన్నట్టు అని గుర్తుపెట్టుకోండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనని వారికి ఈ అక్షరమే ముఖ్యం.

అయిదవ ప్రశ్న: కరెంటు చాలుతుందా? డబ్బాలో పడుతుందా?

ఎస్‌ఎంపీఎస్ నుండి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావలసింది ఇంచుమించు 1 నుండి 1.3 వోల్టులే. అలా తగ్గించి ఇచ్చే భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. పదవ తరగతిలో చదివిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది. వాట్లు = వోల్టులు × ఆంపియర్లు. ఐ3-12100 గరిష్ఠంగా 89 వాట్లు తీసుకుంటుంది. లెక్కకు 1.2 వోల్టులనుకుంటే సుమారు 74 ఆంపియర్లు. అదే సాకెట్‌లో కూర్చునే ఐ9-12900కే 241 వాట్లు తీసుకుంటుంది. అంటే సుమారు 200 ఆంపియర్లు. చవక హెచ్610 బోర్డు మొదటిదాన్ని హాయిగా మోస్తుంది. రెండవదాన్ని పెడితే వీఆర్‌ఎం వేడెక్కి, ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. పెద్ద ప్రాసెసర్‌కు పెట్టిన డబ్బు అలా బూడిదలో పోసినట్టవుతుంది.

పాత డబ్బాలోనే బిగించేవారు బోర్డు కొలత చూసుకోవాలి. ఏటీఎక్స్ 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244 మి.మీ., మినీ ఐటీఎక్స్ 170 × 170 మి.మీ. చవక బోర్డుల్లో ఎక్కువ భాగం మైక్రో ఏటీఎక్స్ కొలతకు లోబడే ఉంటాయి. పాత ఎస్‌ఎంపీఎస్ వాడేటట్లయితే 24 పిన్నుల తీగతో పాటు ప్రాసెసర్ కోసం బోర్డు అడిగే 4 లేదా 8 పిన్నుల తీగ ఉందో లేదో చూడాలి.

మూడు నమూనా జతలు

1. ఐ3-12100 (ఎఫ్ లేనిది), డీడీఆర్4 రకం హెచ్610 బోర్డు, 8 జీబీ డీడీఆర్4-3200 ర్యామ్‌లు రెండు. చదువుకూ, ఆఫీసు పనులకూ ఇది చాలు.

2. రైజెన్ 5 5600జీ, ఏ520 లేదా బీ550 బోర్డు, అవే ర్యామ్‌లు. ఆరు కోర్లు ఉంటాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి బాగుంటుంది.

3. రైజెన్ 5 8500జీ, ఏ620 లేదా బీ650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్. ఖర్చు ఎక్కువ. కానీ కొన్నేళ్ల తర్వాత అదే బోర్డులో మరింత మంచి ప్రాసెసర్ వేసుకునే వీలు ఎక్కువ.

"పాత బోర్డు లాంటిదే సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత ప్రాసెసర్, పాత ర్యామ్ కలిసొచ్చేవి కదా?" అని కొందరు అడిగారు. నిజమే, అదీ ఒక దారే. కానీ మన పాత ప్రాసెసర్ 4వ తరానిది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం గానీ ఆపైది గానీ ఉండాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ వేసుకుని వాడదలచినవారికి మాత్రం ఆ దారి ఇప్పటికీ మంచిదే.

కొట్లో పాటించవలసిన జాగ్రత్తలు

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటి పూర్తి పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. చివరి అక్షరం కూడా వదలరాదు. రాసుకున్నది లేదంటే "దాదాపు ఇలాంటిదే" అని ఇచ్చినది వెంటనే తీసుకోకుండా అయిదు ప్రశ్నలూ మళ్లీ వేసుకోవాలి. వీలైతే అక్కడే బిగించి, బొమ్మ చూపించమని అడగాలి. ఇందులో మొహమాటం అక్కరలేదు. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండేలా చూసుకుని, వారంటీ ఎన్నేళ్లో చదివి, బిల్లు భద్రపరచాలి. ఎల్‌జీఏ బోర్డులలోనూ, ఏఎం5లోనూ పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. సెకండ్ హ్యాండ్ బోర్డయితే వంగిన పిన్నులు, ఉబ్బిన కెపాసిటర్లు, తుప్పు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను పారవేయవద్దు. వారంటీకి పంపేటప్పుడు అది కావాలి.

మిత్రులారా! డబ్బున్నవారు తప్పు కొంటే ఇంకొకటి కొనుక్కుంటారు. మనకు వచ్చేది పదిమంది కూడబెట్టిన సొమ్ము. అది రెండోసారి రాదు. ఆ రోజు మేము ఒక్క అరగంట కూర్చుని ఈ అయిదు ప్రశ్నలూ వేసుకుని ఉంటే ర్యామ్ ఖర్చు ముందే లెక్కలోకి వచ్చేది, ఎఫ్ జోలికి పోయేవాళ్లమే కాదు, తమ్ముళ్లకు మూడు వారాల చదువు మిగిలేది. ఈ పేజీని చించి కంప్యూటర్ పక్కన గోడకు అంటించాం. రేపు మీలో ఎవరు కొనడానికి వెళ్లినా దీన్ని వెంట తీసుకెళ్లండి. మేము నేర్చుకున్నది మీకు ఖర్చు లేకుండా దక్కాలన్నదే మా కోరిక.

- స్టడీ హాలు కంప్యూటర్ కమిటీ విద్యార్థులు