మెడ ఆపరేషన్‌లో పెట్టే ఎముక: ధర్మం ఏమంటుంది?

అనంతపురం నేల వర్షానికే కాదు, మంచినీటికీ మొహం వాచిన నేల. 2022లో రెండు జిల్లాలుగా విడిపోయినా బాధ ఒక్కటే. ఎన్నో గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే వెన్నుపూసల మధ్య నరాలవంటి కట్లు ఎముకగా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. చేతులు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. ఇటువంటి రోగులకు చాలాసార్లు మెడ వెనుకవైపు నుంచి ఆపరేషన్ చేస్తారు, అందులో ఎముక అతుకు అవసరం కాకపోవచ్చు.

డిస్కు అరిగి నరాన్ని నొక్కినప్పుడు మాత్రం సాధారణంగా ముందువైపు నుంచి డిస్కు తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కను గాని, ఎముక పొడి నింపిన చిన్న కేజ్‌ను గాని అమర్చుతారు. కొన్ని నెలల్లో రెండు పూసలూ ఒకటిగా అతుక్కుంటాయి. 1950ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. మరి ఆ ఎముక ఎక్కడిది? మన ఇళ్ళలో తలెత్తే ప్రశ్న ఇదే.

రోగి తుంటి ఎముక నుంచి తీసిన ముక్కలో జీవకణాలుంటాయి, బాగా అతుకుతుంది. కాకపోతే తీసిన చోట నొప్పి కొంతకాలం వేధిస్తుంది. కీడుకన్నా మేలు ఎక్కువైతే ఇది ధర్మసమ్మతమని 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. టైటానియం, ప్లాస్టిక్ వంటి పీక్ కేజ్‌లు, కాల్షియం ఫాస్ఫేట్ పొడుల విషయంలో సందేహమే లేదు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది కుళ్ళు వాసన వేసింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా దైవప్రవక్త (సల్లం) ఆయనకు బంగారు ముక్కు పెట్టుకోమన్నారు.

పశువు ఎముక సంగతికొస్తే, గొర్రె, ఆవు, ఒంటె వంటి వాటి ఎముకతో చికిత్సకు హనఫీ ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అనుమతించారు. పంది ఎముకను, మనిషి ఎముకను మినహాయించారు. వేరే దారి లేని గత్యంతర స్థితి వేరు. కానీ ఇన్ని ప్రత్యామ్నాయాలుండగా మెడ ఆపరేషన్‌లో ఆ స్థితి అరుదనే మేము భావిస్తున్నాం.

చనిపోయిన దాత ఎముకపై ఉలమాలో భేదాభిప్రాయం ఉంది. మృతుని ఎముక విరచడం బతికున్నవాని ఎముక విరచడం వంటిదేనన్న హదీసును ఆధారం చేసుకొని మన దేశపు ఉలమా చాలామంది వద్దంటారు. జిద్దా తీర్మానం మాత్రం ప్రాణం గాని, శరీరపు ముఖ్యమైన పని గాని దానిపై ఆధారపడినప్పుడు, మృతుని లేదా వారసుల అనుమతితో, అమ్మకం లేకుండా ఒప్పుకుంది. కనుక తుంటి ఎముకో, కేజో సరిపోతుందేమో ముందు అడగండి.

ఎముకను పెంచే బీఎంపీ అనే ప్రొటీన్ మందు మరొకటి. మెడలో వాడితే గొంతు వాచి ఊపిరి ఆడని ప్రమాదముందని 2008లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. దాన్ని మోసే స్పాంజి పశువుల కొల్లాజెన్‌దే. సంతకం పెట్టే ముందు ఏ పదార్థం పెడుతున్నారో, దేనినుంచి తయారైందో డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. బీడీ, సిగరెట్ మానాలి. పొగ ఎముకను అతకనివ్వదు.

ఆపరేషన్ తరువాత మెడ వంచవద్దని డాక్టరు అంటే నమాజులో రుకూ, సజ్దాలను సైగతో చేయవచ్చు. నిలబడలేకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పడుకొని చదవాలి.