లాగ్‌బుక్‌లో పేరుంటే కారు మీదైనట్టేనా?

పొలం కొనేటప్పుడు మనవాళ్లకు ఎవరూ జాగ్రత్తలు నేర్పనక్కర్లేదు. అమ్మేవాడి దస్తావేజు ఒక్కటే చూసి బయానా ఇచ్చే రైతు అరుదు. లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, ఈసీ తీయిస్తాడు, గట్టు పక్కవాళ్లను వాకబు చేస్తాడు. అదే రైతు కొడుకు ఇంగ్లండ్‌లో స్థిరపడి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, 1950ల నాటి జాగ్వార్ ఎక్స్‌కే120 గానీ ఆస్టిన్-హీలీ గానీ కొనబోయినప్పుడు ఆ జాగ్రత్తంతా ఏమైపోతుందో తెలియదు. మెరిసే రంగు చూస్తాడు, ఇంజన్ చప్పుడు వింటాడు, లాగ్‌బుక్‌లో అమ్మేవాడి పేరు కనబడగానే డబ్బు పంపేస్తాడు.

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకూ లింకు డాక్యుమెంట్లు ఉండాలి. అసలు దాని ధరే చరిత్రను బట్టి ఉంటుంది. ఎవరు కొన్నారు, ఏ పందెంలో పరుగెత్తింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అన్న వరుసలో ఒక్క మెలిక తేలితే చాలు, ధర పడిపోతుంది. ఒక్కోసారి కారే చేజారుతుంది. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలయ్యే చట్టం. స్కాట్లండ్‌లో కొన్ని తేడాలున్నాయి.

మన ఆర్సీ లాంటి కాగితాన్ని అక్కడ వి5సి అంటారు. జనం నోట అది ఇప్పటికీ లాగ్‌బుక్కే. స్వాన్సీలోని వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ దాన్ని జారీ చేస్తుంది. అందులో పేరున్న వ్యక్తి ఆ బండిని ఉంచుకున్నవాడు మాత్రమే. పన్నుకూ చలానాలకూ జవాబుదారీ అతనే కావచ్చు, యజమాని మాత్రం వేరొకరు అయ్యే వీలుంది. కంపెనీ కారు ఉద్యోగి పేరున ఉండవచ్చు, కిస్తీలు తీరని కారుకు ఫైనాన్స్ సంస్థ యజమానిగా ఉండవచ్చు. ఇది యాజమాన్యానికి రుజువు కాదని ఆ పత్రం మీదే అచ్చు వేసి ఉంటుంది. అమ్మేవాడి పేరు మీద కొనుగోలు బిల్లు, డబ్బు చెల్లించిన ఆధారం, అతనికి అమ్మినవాడి బిల్లు, ఇలా వెనక్కి వెళ్లగలిగినంత దూరం వెళ్లడమే యాజమాన్యాన్ని చూడటం.

లాగ్‌బుక్‌ను నమ్మితే ఏమవుతుందో 1957 నాటి ఆస్కార్ చెస్ తీర్పు చెబుతుంది. ఒక సామాన్యుడు తన ఇంట్లోని మోరిస్ కారును డీలరుకు ఇచ్చి కొత్త కారు తీసుకున్నాడు. లాగ్‌బుక్‌లో అది 1948 మోడల్ అని ఉంది. అంతకుముందు ఏడాది అతని తల్లి కూడా అలాగే నమ్మి కొన్నారు. డీలరు 290 పౌండ్లు కట్టాడు. ఎనిమిది నెలల తర్వాత డీలరు ఛాసిస్, ఇంజన్ నంబర్లు రాసి మోరిస్ కంపెనీకి ఉత్తరం పంపితే అది 1939 నాటి బండి అని తేలింది. ఆ రెండు మోడళ్లూ చూడటానికి ఒకేలా ఉండేవి. ఎవరో ఎక్కడో లాగ్‌బుక్‌ను దిద్దారు. 1939 బండిగా దాని విలువ 175 పౌండ్లే. మిగతా 115 పౌండ్లు ఇప్పించమని డీలరు కోర్టుకెక్కాడు, అప్పీలు కోర్టులో ఓడిపోయాడు. అమ్మినవాడు కాగితంలో ఉన్నది చెప్పాడే తప్ప సొంతంగా పూచీ పడలేదు, నిజం కనుక్కోగల నైపుణ్యం డీలరుకే ఉంది అన్నది మెజారిటీ మాట. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు మాత్రం ఒప్పుకోలేదు.

కొనకముందే పంపవలసిన ఉత్తరాన్ని ఆ డీలరు ఎనిమిది నెలల తర్వాత పంపాడు. దానికి తపాలా ఖర్చు తప్ప మరేమీ అయ్యేది కాదు.

ఎనిమిదేళ్లకు, 1965లో, ఫలితం తిరగబడింది. ఈసారి అమ్మింది డీలరు, కొన్నది సామాన్యుడు, వస్తువు బెంట్లీ. కంపెనీని అడిగి బండ్ల చరిత్ర తెలుసుకోగలనని డీలరు చెప్పుకున్నాడు. ఈ కారు ఒకప్పుడు ఒక జర్మన్ బారన్‌ది, కొత్త ఇంజన్ వేశాక ఇరవై వేల మైళ్లే తిరిగింది అన్నాడు. నిజానికి లక్ష మైళ్ల దాకా తిరిగింది. కనుక్కోగల స్థితిలో ఉండి కనుక్కోకుండా చెప్పావు కాబట్టి అది పూచీయే, నష్టపరిహారం కట్టమంది కోర్టు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం చేయాలో తెలుస్తుంది. ఇంట్లో కారు అమ్ముకునే మామూలు మనిషి నోటిమాటను నమ్ముకుని కోర్టుకు వెళ్లలేరు. ఏడాది, ఇంజన్, పాత యజమానులు, పందేల చరిత్ర ఇవన్నీ ఒప్పంద పత్రంలో అమ్మేవాడి హామీలుగా రాయించుకోవాలి. "మాకు తెలిసినంతవరకు" అన్న ముక్క కనబడితే అక్కడ ఆగి, ఎంతవరకు తెలుసో అడగాలి. 1930 నాటి ఒక బెంట్లీ స్పీడ్ సిక్స్ ఇంజన్ మీద నడిచిన వ్యాజ్యంలో కింది కోర్టులో గెలిచిన కొనుగోలుదారు 2012లో అప్పీలు కోర్టులో ఓడిపోవడానికి కారణం, డీలరు మాటల్లో ఒప్పందపు హామీ ఎంత ఉందన్న దగ్గర పడిన పీటముడే.

వాకబు మొదలుపెట్టాల్సింది కారు నుంచి, అమ్మేవాడి ఫైలు నుంచి కాదు. ఛాసిస్, ఇంజన్, బాడీ, గేర్‌బాక్స్ నంబర్లను మీరే వంగి చూసి రాసుకోండి, ఫోటోలు తీయండి. జాగ్వార్ అయితే జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు, ఎంజీ, ఆస్టిన్-హీలీ, ట్రయంఫ్ అయితే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ ఖాతాలు చూసి సర్టిఫికెట్ ఇస్తాయి. కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజన్, మొదట ఏ డీలరుకు పంపారు అన్నది అందులో ఉంటుంది. అది జన్మపత్రిక మాత్రమే. ఆ తర్వాత ఎవరెవరు కొన్నారో, ఇప్పుడు ఎవరిదో అది చెప్పదు. చాలామంది అమ్మకందార్లు ఈ సర్టిఫికెట్‌ను హక్కుపత్రంలా ముందుకు తోస్తారు. పడిపోకండి.

తర్వాతి అడుగు నంబరు ప్లేటు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ 1904 జనవరి 1న మొదలైంది. 1970లలో అంతా స్వాన్సీకి మారేదాకా ఆ ఖాతాలు స్థానిక కౌన్సిళ్ల చేతిలో ఉండేవి. నంబరులోని అక్షరాలు ఏ కౌన్సిలో చెబుతాయి. ఇయాన్ ఆపిల్‌యార్డ్ ఆల్పైన్ ర్యాలీల్లో పేరు తెచ్చిన ఎక్స్‌కే120 నంబరు ఎన్‌యూబీ 120. అందులో చివరి రెండక్షరాలు యూబీ అంటే లీడ్స్ నగరం. ఆపిల్‌యార్డ్ కుటుంబం అక్కడి జాగ్వార్ డీలర్లే. అలా ఊరు తెలిస్తే ఆ జిల్లా రికార్డు ఆఫీసులో పాత ఖాతా మిగిలి ఉందేమో అడగవచ్చు. మార్పిడి సమయంలో చాలా ఖాతాలు నాశనమయ్యాయి. మిగిలిన వాటిలో కొన్ని రికార్డు ఆఫీసుల్లో, కొన్ని డ్రోయిట్‌విచ్‌లోని కిట్‌హెడ్ ట్రస్టు దగ్గర ఉన్నాయి. 1921 నుంచి వాడిన పాత అట్ట లాగ్‌బుక్ కారుతో పాటు వచ్చిందంటే అది మంచి ఆధారం, యజమానుల పేర్లు, కౌన్సిల్ ముద్రలు, తేదీలు వరుసగా దొరుకుతాయి. అయితే అక్కడ నంబరును కారు నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. కాబట్టి నంబరు ఒకటే అయినంత మాత్రాన కారు ఒకటే కానక్కర్లేదు. నంబరుకూ ఛాసిస్‌కూ ముడి ఏ తేదీన ఏ కాగితంలో పడిందో చూడాలి.

డీవీఎల్ఏ దగ్గరున్న సమాచారం కోసం తగిన కారణం చూపి వి888 ఫారంతో అడగవచ్చు. చాలాకాలం షెడ్డులో మూలనపడి స్వాన్సీ ఖాతాకెక్కని కారుకు దాని అసలు నంబరు తిరిగి కావాలంటే వి765 ఫారం ఉంది, దానికి గుర్తింపు పొందిన క్లబ్బు సాక్ష్యం కావాలి. 1934 నుంచి ఉన్న వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్, 1936 నాటి బెంట్లీ డ్రైవర్స్ క్లబ్ లాంటి చోట్ల పాత సభ్యుల దగ్గర ఉండే జ్ఞాపకాలు, పందేల కార్యక్రమ పుస్తకాలు, ఫోటోలు ఏ ప్రభుత్వ ఖాతాలోనూ దొరకవు.

మధ్యలో ఎక్కడో దొంగతనం జరిగి ఉంటే? చట్టం సూటిగా ఉంది. తనది కానిదాన్ని అమ్మినవాడు హక్కు ఇవ్వలేడు. 1923 నాటి రోలండ్ వర్సెస్ డివాల్ కేసులో ఒక వ్యాపారి 334 పౌండ్లకు కారు కొని, మరొకరికి అమ్మాడు. అది దొంగసొత్తని పోలీసులు పట్టుకుపోయారు. కారు అప్పటికి నాలుగు నెలలు వాడకంలో ఉంది. అయినా ఆ వ్యాపారి కట్టిన మొత్తం పైసా తగ్గకుండా వెనక్కి ఇప్పించింది కోర్టు. కొన్నది కారు వాడకం కాదు, కారు మీద హక్కు. అదే రాలేదు. మన 1930 సరకుల అమ్మకపు చట్టం 14వ సెక్షన్‌లోనూ, బ్రిటన్ 1979 చట్టం 12వ సెక్షన్‌లోనూ ఉన్న నియమం ఇదే. అమ్మినవాడు డీలరైనా, పక్కింటాయనైనా వర్తిస్తుంది.

మినహాయింపులూ ఉన్నాయి. కిస్తీలు తీరని కారని తెలియక, మంచి నమ్మకంతో కొన్న ప్రైవేటు వ్యక్తికి బ్రిటన్‌లో 1964 హైర్ పర్చేజ్ చట్టం రక్షణ ఇస్తుంది, వ్యాపారులకు ఇవ్వదు. దొంగసొత్తును ఎవరైనా మంచి నమ్మకంతో కొన్న నాటి నుంచి ఆరేళ్లు గడిస్తే అసలు యజమాని హక్కు అంతరిస్తుంది. దొంగ చేతిలో ఉన్నంతకాలం ఆ గడువు నడవదు. అందుకే పాత బిల్లు మీది తేదీకి కూడా కోర్టులో విలువ ఉంది, అందుకే "బిల్లు ఎక్కడో పోయింది" అన్నవాడితో బేరం ఆపడం మేలు.

ఇక అన్నిటికన్నా చిక్కు ప్రశ్న: కారు ఆ కారేనా? 1929, 1930 లెమాన్ పందేలు రెండూ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్‌ను ఓల్డ్ నంబర్ వన్ అంటారు. మొదటిసారి వుల్ఫ్ బర్నాటోతో టిమ్ బిర్కిన్, రెండోసారి గ్లెన్ కిడ్‌స్టన్ నడిపారు. ఆ తర్వాత బ్రూక్‌లాండ్స్ పందెపు ట్రాక్‌లో పరుగెత్తింది. 1932లో అక్కడే క్లైవ్ డన్‌ఫీ దాన్ని నడుపుతూ ప్రమాదంలో మరణించారు. బర్నాటో దాన్ని తిరిగి కట్టించి పైకప్పున్న కారుగా మార్చారు. ఏళ్ల తరబడి ఒక్కో భాగం మారుతూ వచ్చింది. 1990లో దాన్ని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న సంస్థ, ఇది ఆ కారు కాదంటూ వెనక్కి తగ్గింది. లండన్ హైకోర్టులో జస్టిస్ ఒటన్ ఒక్కో భాగాన్నీ ఒక్కో ఏడాదినీ తూచారు. 1930 నాటి కారు నుంచి మిగిలినవి పెడల్ షాఫ్ట్, గేర్‌బాక్స్ పెట్టె, స్టీరింగ్ కాలమ్ మాత్రమే అని తేల్చారు. అయినా అమ్మినవారి వైపే తీర్పు ఇచ్చారు. ఇది తొలినాటి కారు కాదు, కానీ ఎక్కడా పూర్తిగా విడిపోలేదు, దాని స్థానంలో మరో కారు రాలేదు, చరిత్ర తెగలేదు, కాబట్టి ఆ పేరుకు ఇదే హక్కుదారు అన్నారు.

నా దృష్టిలో ఇది సరైన తీర్పు. భాగాలు మార్చకుండా ఏ పందెపు కారూ బతకదు. అయితే దీన్ని అడ్డం పెట్టుకుని పాత నంబరు ప్లేటొకటి, పాత ఇరుసొకటి పెట్టి కొత్త కారు కట్టి అమ్మేవాళ్లకు ఈ తీర్పులో చోటు లేదు. ఒటన్ చూసింది తెగని వరుసను. వరుస లేకుండా నంబరు మాత్రమే ఉంటే అది నకలే. 1967లో ఒక ట్రయంఫ్ హెరాల్డ్ కొన్న వ్యక్తికి అప్పీలు కోర్టు నష్టపరిహారం ఇప్పించింది. 1961 మోడల్ అని ప్రకటించిన ఆ బండి రెండు కార్ల సగాలను అతికించినది, ముందు భాగం పాత మోడల్‌ది. అమ్మినవాడికి కూడా ఆ సంగతి తెలియదు. వర్ణన ప్రకారం వస్తువు లేకపోతే ప్రైవేటు అమ్మకందారైనా జవాబు చెప్పాల్సిందే.

వేలంలో కొనేవారికి ఒక హెచ్చరిక. డీలరు దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం మీ వెంట ఉంటుంది. జనం స్వయంగా హాజరు కాగల వేలంలో పాత వస్తువు కొంటే ఆ రక్షణలో చాలా భాగం ఉండదు. వేలం సంస్థ నిబంధనలను ముందురోజే చదవాలి, కేటలాగులో రాసిన చరిత్రకు ఎవరు పూచీయో రాతపూర్వకంగా అడగాలి.

మన దగ్గర లెక్క కొంత వేరు. మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్సీలో పేరున్నవాడు. బండి చేతులు మారినా పేరు మార్పించకపోతే ప్రమాద పరిహారం పాత యజమాని నెత్తిన పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకపు కార్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త నమోదుకు రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, ప్లేటు మీద వీఏ అక్షరాలు. దరఖాస్తుకు దేశంలో నమోదైన కారైతే పాత ఆర్సీ, బయటి నుంచి తెచ్చిందైతే కస్టమ్స్ బిల్లు ఆఫ్ ఎంట్రీ కావాలి. అమ్మితే తొంభై రోజుల్లో ఇద్దరూ రవాణా శాఖకు తెలపాలి.

తాతల నాటి ఎంజీ, జాగ్వార్ షెడ్డులో ఉన్న కుటుంబాలకు ఒక మనవి. యజమాని పోయాక వారసులు ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి, మూడు నెలల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. గడువు దాటినా అపరాధ రుసుముతో వెళ్లండి, వాయిదా వేయకండి. ఇల్లు సర్దేటప్పుడు పాత ఆర్సీ పుస్తకం, దిగుమతి కాగితాలు, ఇన్సూరెన్స్ రసీదులు, చివరికి మెకానిక్ రాసిచ్చిన బిల్లులు కూడా చెత్తలో వేయకండి. రేపు ఆ కారు మీదని చెప్పాల్సి వస్తే న్యాయవాది మొదట అడిగేది వాటినే.