జంషెడ్‌పూర్‌లో మైనింగ్ మిషన్: కొనక ముందు, కొన్నాక

బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్ కొందామనుకునేవాళ్లు ముందుగా తమ కరెంటు బిల్లు తీసి ఎదురుగా పెట్టుకోవాలి. మన ఊళ్లో ఆ బిల్లు ఎవరిస్తారన్నది మీరు ఏ నదికి ఏ ఒడ్డున ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. సాక్చి, బిష్టుపూర్, కద్మా, సోనారిలలో పంపిణీ లైసెన్సు టాటా స్టీల్‌ది. సరఫరా చూసుకునే సంస్థ పేరు మారినా జనం ఇంకా జుస్కో అనే అంటారు. సువర్ణరేఖ దాటి మాంగోలో అడుగుపెడితే జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ వస్తుంది. ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లో రెండు సంస్థల కనెక్షన్లూ కనిపిస్తాయి. ఎవరి ధరలనైనా ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషనే. ఇల్లు, దుకాణం, ఫ్యాక్టరీ, ఒక్కోదానికి ఒక్కో రేటు. బిల్లు మొత్తాన్ని వాడిన యూనిట్లతో భాగించండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం అన్నీ కలిసి యూనిట్‌కి నిజంగా ఎంత పడుతోందో అప్పుడు తేలుతుంది. ఆ అంకె తెలియకుండా మిషన్ల ధరలు చూడటం మొదలుపెట్టకండి.

ఇప్పుడు మిషన్ సంగతి. దీన్ని ఏసిక్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఒకే ఒక్క లెక్కను పదే పదే చేయడానికే దాని చిప్‌లు తయారయ్యాయి. బిట్‌మెయిన్ కంపెనీ యాంట్‌మైనర్ ఎస్21 ఆ లెక్కను సెకనుకు 200 లక్షల కోట్ల సార్లు చేస్తుంది. దాన్నే 200 టెరాహాష్ అంటారు. సినిమా ఎడిటింగుకో, ఆటలకో, పిల్లల చదువుకో అది పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డు కొన్నవాడికి రేపు దాన్ని వేరే పనికి అమ్ముకునే దారి ఉంది. ఏసిక్ కొన్నవాడికి ఆ దారి లేదు. మైనింగ్ గిట్టుబాటు కాని రోజు నుంచి దాని విలువ తుక్కు విలువే. ఈ ఒక్క తేడాను బాగా మనసుకు పట్టించుకోవాలి.

ప్రపంచంలోని మిషన్లన్నీ కలిసి సుమారు 10 నిమిషాలకు ఒక బ్లాకు, అంటే బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టాలో ఒక పేజీ, కడతాయి. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకు బహుమతి 3.125 బిట్‌కాయిన్లు. రోజుకు 144 బ్లాకులు, అంటే 450 కాయిన్లు. కొత్త మిషన్లు ఎన్ని వచ్చి చేరినా ఈ 450 పెరగదు, ఎందుకంటే ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి లెక్క కష్టం దానంతటదే సర్దుకుంటుంది. పంచుకునేవాళ్లు పెరిగినకొద్దీ మీ వాటా తగ్గుతుంది. 2028లో ఆ బహుమతి మళ్లీ సగమవుతుంది.

కాగితం తీసుకోండి. ప్రపంచ నెట్‌వర్క్ మొత్తం వేగం 1,000 ఎగ్జాహాష్, అంటే 100 కోట్ల టెరాహాష్ అనుకుందాం. 2025లో అది ఈ స్థాయిని అందుకుంది. అందులో ఎస్21 వాటా 50 లక్షల్లో ఒక వంతు. 450 కాయిన్లలో ఆ వంతు 0.00009 బిట్‌కాయిన్. కాయిన్ ధర 80 లక్షల రూపాయలు అనుకుంటే రోజుకు 720 రూపాయలు. మిషన్ 3.5 కిలోవాట్లు తింటుంది, రోజుకు 84 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే కరెంటుకు 588. చేతిలో 132 రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. ఎక్కువమంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

లెక్కలో పన్ను ఇంకా రాలేదు. 2022 ఫైనాన్స్ చట్టం ప్రకారం క్రిప్టో ఆస్తి బదిలీ మీద వచ్చే ఆదాయానికి 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయడానికి వీల్లేదు. మైనింగ్ కోసం పెట్టే మౌలిక వసతుల ఖర్చు ఆ కొన్న ధర కిందికి రాదని ప్రభుత్వం 2022 మార్చిలో లోక్‌సభలో స్పష్టం చేసింది. అంటే కఠినంగా లెక్కగడితే పన్ను పడేది మీకు మిగిలిన 132 మీద కాదు, వచ్చిన 720 మొత్తం మీద. అది సుమారు 225 రూపాయలు. 720లోంచి 588, 225 తీస్తే రోజుకు 93 రూపాయల నష్టం. మిషన్ ధర ఇంకా ఇందులో కలపనేలేదు. ఇవే అంకెలతో కరెంటు 5 రూపాయల 90 పైసల లోపు దొరికితేనే రోజువారీ ఖర్చు తేలుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు వస్తుందని చూపించే ఎస్19 ప్రోకు (110 టెరాహాష్, 3.25 కిలోవాట్లు) ఆ హద్దు దాదాపు మూడున్నర రూపాయలు. 2016 నాటి ఎస్9కి రూపాయికి కాస్త పైన. కాయిన్ ధర, నెట్‌వర్క్ వేగం రోజూ మారతాయి కనుక కొనే వారంలో ఈ లెక్కను మీరే మళ్లీ వేసుకోవాలి. మైనింగ్ ఆదాయాన్ని ఖాతాలో పడిన రోజే చూపాలా, అమ్మినప్పుడా అన్నది ఆడిటర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి.

బొగ్గు నేల మీద, విద్యుత్ కేంద్రాల మధ్య ఉన్న మనకు చౌక కరెంటు దొరకదా అని అడుగుతారు. దొరికేది పెద్ద వాడకందారుకే. 2022 నాటి హరిత విద్యుత్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు బయటి నుంచి కరెంటు కొనుక్కోవడానికి ఉండాల్సిన కనీస లోడును 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించాయి. అది కూడా 28 మిషన్ల లోడు. సోలార్ పెడదామంటే కిలోవాట్ ప్యానెల్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, అంటే ఒక్క మిషన్‌కు 21 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. 2021లో చైనా మైనింగును నిషేధించినప్పుడు ఆ మిషన్లు టెక్సస్‌కు, కజకిస్థాన్‌కు తరలింది చౌక కరెంటును వెతుక్కుంటూనే. మనకు దగ్గరలోని భూటాన్ ప్రభుత్వ సంస్థ తన జలవిద్యుత్తుతోనే ఈ పని చేస్తోంది. ఏటి నీటితో సొంతంగా కరెంటు తీసే దేశంతో నెలనెలా బిల్లు కట్టే ఇల్లు పోటీపడలేదు.

ఇంటి కనెక్షన్ మీద నడిపి చూద్దామనే ఆలోచన అసలు వద్దు. సంపాదన కోసం నడిపే మిషన్ గృహ వినియోగం కిందికి రాదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడితే ఆ వాడకానికి వర్తించే రేటుకు రెట్టింపు వసూలు చేస్తారు. నిగమ్ పరిధిలో 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు 2024లో తెచ్చిన ఉచిత పథకాన్ని నమ్ముకుంటే, ఒక్క ఎస్21 మూడో రోజుకే ఆ 200 దాటిస్తుంది. కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లు అయితే అసలు ఈ జోలికే పోవద్దు.

లెక్క కుదిరి, వాణిజ్య కనెక్షన్, తగిన శాంక్షన్డ్ లోడు ఉన్నవాళ్లు ఇక కొనుగోలుకు రావచ్చు. యాంట్‌మైనర్ చేసే బిట్‌మెయిన్, వాట్స్‌మైనర్ చేసే మైక్రోబీటీ, ఎవలాన్ చేసే కెనాన్, ఈ మూడూ చైనాలో పుట్టిన కంపెనీలే. నేరుగా తెప్పించుకుంటే దిగుమతి కోడ్ కావాలి, ఐజీఎస్టీ 18 శాతం కట్టాలి, కస్టమ్స్ వాళ్లు బీఐఎస్ నమోదు అడగొచ్చు. వాడిన ఎలక్ట్రానిక్ సరుకుకు డీజీఎఫ్‌టీ అనుమతి గొడవ వేరే. కాబట్టి డబ్బు పంపకముందే కోల్‌కతాలో ఒక కస్టమ్స్ ఏజెంట్‌తో మాట్లాడి, ఏ సరుకు కోడ్ కింద ఎంత సుంకం పడుతుందో రాయించుకోవాలి. ఇక్కడే అమ్మేవాళ్ల దగ్గర కొంటే జీఎస్టీ బిల్లు, దిగుమతి పత్రం కాపీ లేకుండా తీసుకోకండి.

పాత మిషన్ అయితే 24 గంటలు ఆపకుండా నడిపి, దాని లాగ్ చూపించమనండి. చిప్‌లు అమర్చిన మూడు బోర్డులూ (హాష్‌బోర్డులు) కనిపించాలి, ఒక్కోదానిలో చిప్‌ల సంఖ్య పూర్తిగా ఉండాలి. డబ్బా విప్పగానే మిషన్‌ను నెమ్మదిగా వంచి చూడండి. లోపల ఏదైనా గలగలమంటే హీట్‌సింక్ ఊడిందని అర్థం. అప్పుడు కరెంటు ఇవ్వకూడదు, షార్ట్ అయి బోర్డు కాలిపోతుంది. ఎస్17, టీ17 మోడళ్లు ఈ జబ్బుతోనే పేరు పోగొట్టుకున్నాయి. వాటిని ఎంత తక్కువకిచ్చినా వద్దనే చెబుతాను.

వైరింగ్ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. 3.5 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లకు పైగా, అదీ రాత్రింబవళ్లు. గీజరు రోజుకు అరగంట ఆడుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకుంటుంది. ఇది ఆగదు, ఆ ప్లగ్గు కరుగుతుంది. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, తగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ, 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించాలి. ఎర్తింగ్ గుంత రీడింగ్ కళ్లముందు కొలిపించండి. సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి, ఎందుకంటే మన దగ్గర ఏప్రిల్, మే నెలల కాలబైశాఖి గాలివానల్లో పిడుగులు ఎక్కువ. ఎస్21కి కనీసం 220 వోల్టులు కావాలి. సాయంత్రం మీ వీధిలో వోల్టేజీ ఎంతకు పడుతుందో కొన్నాళ్లు మీటరు పెట్టి చూసుకోవాలి.

తీసుకున్న 3.5 కిలోవాట్లూ వేడిగానే బయటికొస్తాయి. ఒక టన్ను ఏసీ తీసేయగలిగే వేడి కూడా సరిగ్గా అంతే. ఏసీ పెడితే దాని బిల్లు అదనం కాబట్టి గాలినే నమ్ముకోవాలి. చల్లటి గాలి ఒక గోడ నుంచి లోపలికి, వేడి గాలి ఎదురు గోడ నుంచి బయటికి పోవాలి, రెండూ కలవకూడదు. గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకు 0.3 ఘనపు మీటర్ల గాలి ఆడాలి. చాలా మోడళ్లకు లోపలికి వెళ్లే గాలి హద్దు 40 నుంచి 45 డిగ్రీలు. మే నెలలో మన మధ్యాహ్నాలే 42 దాటుతాయి. ఆ నెలలో పొడి గాలి కాబట్టి తడి ప్యాడ్‌లు పనిచేస్తాయి. జులైలో తేమ వల్ల అవి దండగ, పైగా తుప్పు పట్టిస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం కొన్ని గంటలు ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం.

ఊరిది ఉక్కు ఊరు కాబట్టి దుమ్ము గురించి మరింత జాగ్రత్త కావాలి. ఫౌండ్రీలు, గ్రైండింగ్ షాపుల పక్కన గాలిలో ఇనుప రజను ఉంటుంది. మామూలు దుమ్ము చల్లదనాన్ని అడ్డుకుంటుంది, ఇనుప రజను కరెంటును మోస్తుంది. ఆదిత్యపూర్ షెడ్డులో పెట్టేవాళ్లు గాలి వచ్చే వైపు ఫిల్టర్ పెట్టి, వారం వారం మార్చాలి. మిషన్‌ను ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని బ్లోయర్‌తో ఊదాలి.

మోత కూడా తక్కువేమీ కాదు, 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 హద్దు. ఇరుగుపొరుగు నిద్ర పాడుచేసి చేసే సంపాదన ఎవరికీ వద్దు.

ఆన్ చేయడం మాత్రం తేలికే. ముందు సొంత వాలెట్ తెరిచి, రికవరీ పదాలను కాగితం మీద రాసి దాచండి, ఫోనులో ఫొటో తీయొద్దు. మిషన్‌కు ఈథర్‌నెట్ కేబుల్ పెట్టి, రౌటర్ పేజీలో దాని ఐపీ చూసి, బ్రౌజర్‌లో తెరిచి, ముందుగా పాస్‌వర్డ్ మార్చండి. ఒక్క మిషన్‌తో ఒంటరిగా బ్లాకు దొరకడం దుర్లభం కాబట్టి చాలామంది వేగాన్ని కలిపి బహుమతి పంచుకునే పూల్‌లో చేరతారు. 2010లో స్లష్ పూల్‌గా మొదలైన బ్రేన్స్, ఎఫ్2పూల్, వయాబీటీసీ వంటివి ఉన్నాయి. పూల్ చిరునామా, వర్కర్ పేరు నింపి సేవ్ చేస్తే చాలు. అరగంట తర్వాత హాష్‌రేటు, చిప్‌ల వేడి, పూల్ తిప్పికొట్టిన లెక్కల (రిజెక్టుల) శాతం చూడాలి. రిజెక్టులు 1 శాతం దాటితే నెట్ లైను చూసుకోండి. ఫర్మ్‌వేర్ తయారీదారు సైటు నుంచి తప్ప వేరేచోట దించుకోకండి. మీ వాటాను దొంగ చిరునామాకు మళ్లించే ఫర్మ్‌వేర్లు తిరుగుతున్నాయి.

కాయిన్ పడిన ప్రతి రోజు తేదీ, ఆనాటి రూపాయి విలువ ఒక పుస్తకంలో రాసుకోవాలి. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కోస్తారు, అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన ఎక్స్‌ఛేంజిలోనే అమ్మండి.

పని నేర్చుకోవడమే ముఖ్యమనుకునే కుర్రాళ్లకు బిట్‌యాక్స్ అనే చిన్న ఓపెన్‌సోర్స్ మిషన్ ఉంది. గామా మోడల్ సుమారు 1.2 టెరాహాష్, 17 వాట్లు. టేబుల్ మీద పెట్టుకోవచ్చు, ఆదాయం ఆశించకూడదు. మన ఊరి ఇళ్లకు నేను సిఫారసు చేసేది అదొక్కటే.

చివరగా కద్మా, సోనారి, టెల్కోలలోని మన తెలుగు కుటుంబాలకు ఒక మనవి. మిషన్లు వేరేచోట మేమే నడుపుతాం, నెలనెలా మీకు వాటా పంపుతాం అని వచ్చేవాళ్లను గడప దాటనివ్వకండి. నెలకు 10 శాతం ఇస్తామన్న గెయిన్‌బిట్‌కాయిన్ పథకంలో దేశమంతటా వేలమంది పోగొట్టుకున్నారు. 2018లో అరెస్టులు జరిగినా, 2025లో కూడా సీబీఐ సోదాలు సాగాయి. రిటైరైన నాన్నగారి పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బును మైనింగ్‌లో పెట్టకండి, మరెవరినీ పెట్టనివ్వకండి.