చేప కడుపు ఎందుకు ఉబ్బింది?

సూరమ్మ వాళ్ళ పొదుపు సంఘంలో పదిహేను మంది ఆడవాళ్ళు. పొదుపు డబ్బుతో ఊరి చెరువు కౌలుకు తీసుకున్నారు. బొచ్చె, శీలావతి చేపపిల్లలు వదిలారు. రెండేళ్ళు గడిచాయి. చేపలు బాగా ఎదిగాయి.

అది జ్యేష్ఠమాసం. వానలు ఇంకా పడలేదు. చెరువులో నీళ్ళు తగ్గాయి. ఒకరోజు వల వేస్తే రెండు శీలావతులు పడ్డాయి. రెండింటికీ కడుపు ఉబ్బి ఉంది.

"జన పట్టాయి. వానల రోజులు గదా!" అంది నూకాలు.

"రెండూ ఒకలా లేవు వదినా. సరిగ్గా చూడు" అంది సూరమ్మ.

మొదటి చేప చేతిలో ఎగిరెగిరి పడుతోంది. కడుపు రెండు పక్కలా సమంగా ఉంది. పట్టుకుంటే మెత్తగా ఉంది. పొలుసులు ఒంటికి అతుక్కుని నున్నగా ఉన్నాయి.

రెండో చేప సరిగా కదలడం లేదు. కడుపు నీళ్ళ సంచిలా ఉంది. పొలుసులు లేచి నిలబడ్డాయి. కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. కాసేపటికి అది చచ్చిపోయింది. సూరమ్మ కత్తిపీట మీద కోసింది. లోపల జన లేదు. నీళ్ళు కారాయి!

ఈ కబురు చేపల బేరగాడికి తెలిసింది. "ఇక చెరువంతా పోయినట్టే. సగం ధరకు ఇచ్చేయండి" అన్నాడు. కొందరు భయపడ్డారు. ఇచ్చేద్దాం అన్నారు.

"రెండు రోజులు ఆగండి. జబ్బేమిటో తెలుసుకుందాం" అంది సూరమ్మ.

మర్నాడు సూరమ్మ, నూకాలు మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసరమ్మకు అంతా చెప్పారు.

"కడుపులో నీరు చేరే జబ్బమ్మా ఇది. దీన్ని డ్రాప్సీ అంటారు. చెరువులో చేపలు ఎన్ని కిలోలు ఉంటాయి?"

"వెయ్యి కిలోలు ఉంటాయమ్మా."

"రోజుకు మేత ఎంత వేస్తున్నారు?"

"తవుడు, చెక్క కలిపి 50 కిలోలు. తొందరగా బరువెక్కుతాయని."

"100 కిలోల చేపలకు రోజుకు 2 నుంచి 3 కిలోల మేత చాలు. లెక్క కట్టండి."

నూకాలు వేళ్ళ మీద లెక్క కట్టింది. "20 నుంచి 30 కిలోలు చాలు. అయ్యో, ఎంత ఎక్కువ వేశాం!"

"మిగిలిన మేత అడుగున కుళ్ళింది. నీళ్ళు కూడా తక్కువ. కుళ్ళు నీటిలో కంటికి కనపడని క్రిములు పెరుగుతాయి. నీరసపడిన చేపను పట్టుకుంటాయి. జబ్బు ముదిరిన చేప బతకడం కష్టం. మిగతావాటిని కాపాడుకోండి."

"మరి మొదటి చేపో?" అడిగింది నూకాలు.

"అది నిజంగా జనే. శీలావతి వానాకాలంలో ఏటి వరదలో గుడ్లు పెడుతుంది. చెరువు నిలవ నీటిలో పెట్టదు."

ఊరికి వచ్చి అందరూ పనిలో దిగారు. కొన్నాళ్ళు మేత ఆపారు. పేడ వేయడం మానారు. బోరు నీళ్ళు పెట్టారు. ఆఫీసరమ్మ చెప్పిన కొలత ప్రకారం సున్నం చల్లారు. జబ్బు చేపలను ఏరి, చెరువుకు దూరంగా గొయ్యి తీసి, సున్నం వేసి పాతిపెట్టారు.

మరికొన్ని చేపలు చచ్చాయి. తర్వాత చావులు ఆగాయి. వానలు పడ్డాయి. మిగిలిన చేపలను సంఘం పూర్తి ధరకే అమ్మింది.

ఇప్పుడు నూకాలు రోజూ నోటుపుస్తకంలో రాస్తోంది. ఎంత మేత వేశారు? ఎన్ని చేపలు చచ్చాయి? అన్నీ అందులో ఉంటాయి.

గుర్తుంచుకోండి:

1. కడుపు ఉబ్బిన ప్రతి చేపకూ జన ఉండదు.
2. పొలుసులు లేచినా, కళ్ళు పొడుచుకొచ్చినా జబ్బని అనుమానించాలి.
3. ఏడాది నిండని శీలావతి కడుపు ఉబ్బితే జన అనుకోకూడదు.
4. జబ్బు చేపలను అమ్మకూడదు, తినకూడదు.

మాట్లాడుకోండి:

1. బేరగాడు ఎందుకు తొందరపెట్టాడు?
2. మీ చెరువులో 600 కిలోల చేపలు ఉంటే రోజుకు ఎంత మేత వేస్తారు?